అడ్రినల్ గడ్డలో ఒక్క అక్షరం మారితే: ఆదోని వైపు నుంచి వచ్చిన ఒక కేసు

“నడిరేయి ఒంటికి లేద్దామంటే కాళ్లు నావి కాకుండా పోయినాయి సార్.”

ఆమె చెప్పిన మొదటి మాట ఇదే. ఇందులో రెండు సంగతులున్నాయి. ఒకటి కాళ్లు పడిపోవడం, రెండోది నడిరేయి ఒంటికి లేవడం. మొదటిది అందరం విన్నాం. రెండోదాన్ని నేను కూడా మర్నాటి దాకా పట్టించుకోలేదు.

ఆమెకు 31 ఏళ్లు. ఆదోని దగ్గర పల్లె. సీజన్లో పత్తి ఏరే పనికి పోతుంది. ఇద్దరు పిల్లలు, తొమ్మిదేళ్ల పాప, ఐదేళ్ల బాబు. ఆమె ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను, గుర్తుపట్టగలిగే వివరాలు కొన్ని మార్చాను.

ముందు రోజు సాయంత్రం బంధువుల పెళ్లిలో ఓళిగలు, అన్నం కడుపునిండా తిని ఇంటికొచ్చింది. ఒళ్లంతా నీరసంగా ఉందంటే ఊళ్లో ఆర్‌ఎంపీ రెండు గ్లూకోజ్ బాటిళ్లు ఎక్కించాడు. ఆయన మంచికే చేశాడు, నీరసానికి పల్లెల్లో జరిగేదే అది. అర్ధరాత్రి దాటాక కాళ్లు కదల్లేదు. 108లో కర్నూలు చేరేసరికి తెల్లవారుతోంది. అప్పటికి చేతులు కూడా భుజం పైకి లేవడం లేదు.

స్పర్శ బాగుంది. మూత్రం, విరేచనం మీద పట్టు ఉంది. మోకాలి మీద సుత్తితో కొడితే కాలు కొద్దిగా మాత్రమే కదిలింది. ఒక్క శ్వాసలో అంకెలు లెక్కపెట్టమంటే 22 దాకా వెళ్లింది, అంటే ఊపిరి కండరాలు ఇంకా పనిచేస్తున్నాయి. దారిలో ఎవరో జీబీఎస్ (నరాలు దెబ్బతిని కాళ్లు చేతులు పడిపోయే జబ్బు) అని, ఇంజెక్షన్లకు లక్షలవుతాయని చెప్పారట. భర్త ముఖంలో రక్తం లేదు.

బీపీ చూస్తే 190/116. నరాలు దెబ్బతిన్న రోగికి కూడా బీపీ పెరగొచ్చు, కానీ ఇంతా అని ఆగాను. ఈసీజీలో టీ అల చదునైపోయి, దాని వెనక యూ అల లేచి ఉంది. ల్యాబ్ నుంచి ఫోన్ రాకముందే జవాబు ఆ కాగితం మీద ఉంది. పొటాషియం 1.9. మామూలుగా 3.5 నుంచి 5 ఉండాలి.

పొటాషియం ఎక్కించేటప్పుడు గ్లూకోజ్ బాటిల్లో కలపకూడదు, నార్మల్ సెలైన్‌లోనే కలపాలి. గ్లూకోజ్ ఎక్కితే ఇన్సులిన్ వస్తుంది, ఇన్సులిన్ రక్తంలో ఉన్న కాస్త పొటాషియాన్నీ కణాల్లోకి నెడుతుంది. ముందు రాత్రి జరిగింది అదే. ఓళిగలు సగం, బాటిళ్లు సగం. మానిటర్ పెట్టి నిదానంగా పొటాషియం ఎక్కించాం, మెగ్నీషియం కూడా ఇచ్చాం. 36 గంటలకు పొటాషియం 3.1కి వచ్చింది, ఆమె లేచి గోడ పట్టుకుని నడిచింది.

చాలా కేసులు ఇక్కడే ముగిసిపోతాయి. పొటాషియం సిరప్ రాసి ఇంటికి పంపేస్తారు. ఈమెకు అంతకుముందు జరిగింది కూడా అదే.

ప్లాస్టిక్ కవర్లో ఒక చీటీ

వాళ్లమ్మ ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. మూడేళ్ల కాగితాలన్నీ అందులో నలిగి ఉన్నాయి. 28 ఏళ్లకే బీపీ బయటపడింది, టెన్షన్ వల్ల అన్నారు. ఒక మాత్ర, తర్వాత రెండు. మూడు నెలల క్రితం నీరు పోయే మందు కలిసిన మాత్రకు మార్చారు. ఆ మందు పొటాషియాన్ని తగ్గిస్తుంది కాబట్టి, ‘మందు వల్ల తగ్గింది, మందు మారిస్తే సరి’ అనుకోవడం తేలిక. నేనూ ఒక పూట అలాగే అనుకున్నాను.

కవరు అడుగున ఏడాదిన్నర కిందటి చీటీ దొరికింది. పొటాషియం 2.9. అప్పటికి ఆ నీరు పోయే మందు మొదలు కాలేదు. ఐదు రోజులకు సిరప్ రాశారు, మళ్లీ పరీక్ష చేయలేదు. ఎక్కడ జరిగిందన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ఆ చీటీయే కేసును తిప్పింది. మందు లేకుండానే పొటాషియం పోతోంది, పైగా బీపీ ఉంది.

అప్పుడు మళ్లీ కూర్చుని అడిగాను. రాత్రి నాలుగైదుసార్లు ఒంటికి లేస్తుంది. షుగరేమోనని రెండుసార్లు పరీక్ష చేయించారు, లేదు. పత్తి ఏరుతుంటే వేళ్లు కొంకర్లు పోతాయి, పక్కనున్నవాళ్లు పట్టి లాగితే గానీ తెరుచుకోవు. పొటాషియం బాగా తగ్గితే మూత్రపిండం నీటిని నిలుపుకోలేదు, అందుకే రాత్రి లేవడం. రక్తం క్షారం వైపు జరిగితే వేళ్లు కొంకర్లు పోతాయి. ఆమె బైకార్బొనేట్ 34, సోడియం 146, రెండూ ఉండాల్సినదానికన్నా ఎక్కువ. రక్తంలో ఇంత తక్కువున్నా మూత్రంలో పొటాషియం ధారాళంగా పోతోంది.

మన ప్రాంతంలో పొటాషియం తగ్గి కాళ్లు పడిపోయిన ఆడవాళ్లలో మూత్రపిండాల ఆమ్ల జబ్బు తరచుగా కనిపిస్తుంది. అందులో రక్తం ఆమ్లం వైపు పోతుంది, బీపీ మామూలుగా ఉంటుంది. థైరాయిడ్ ఎక్కువై కాళ్లు పడిపోవడం మగవాళ్లలో ఎక్కువ, ఈమెకు థైరాయిడ్ బాగుంది. బీపీ ఎక్కువ, రక్తం క్షారం, పొటాషియం మూత్రంలోకి. ఈ మూడూ కలిస్తే ముందుగా ఆల్డోస్టెరాన్‌నే అనుమానించాలి.

ఆల్డోస్టెరాన్ మూత్రపిండాలపై ఉండే అడ్రినల్ గ్రంథుల పై పొరలో తయారయ్యే హార్మోను. మూత్రపిండంతో ఉప్పును దాచిపెట్టిస్తుంది, బదులుగా పొటాషియాన్ని బయటికి పంపిస్తుంది. 1954లో మిచిగన్‌లో జెరోమ్ కాన్ అనే డాక్టరు దగ్గరికి 34 ఏళ్ల మహిళ వచ్చింది. అవే కొంకర్లు, అదే కాళ్ల నీరసం, అదే బీపీ. ఆమె అడ్రినల్ గడ్డ తీస్తే నయమైంది. ఆయన దాన్ని 1955లో ప్రచురించాడు. డెబ్బై ఏళ్లు దాటినా ఆ పేషెంటు కథ, ఈ పేషెంటు కథ గీత గీసినట్టు కలుస్తాయి.

ఐస్ డబ్బా

ఆల్డోస్టెరాన్, రెనిన్ రెండూ కలిపి చూడాలి. రెనిన్ మూత్రపిండం నుంచి వచ్చి ఆల్డోస్టెరాన్ తయారీని పురమాయించేది. పురమాయింపు లేకుండానే గ్రంథి తయారుచేస్తుంటే ఆల్డోస్టెరాన్ ఎక్కువగా, రెనిన్ తక్కువగా ఉంటుంది. ముందుగా పొటాషియం సరిచేయాలి, లేకపోతే ఆల్డోస్టెరాన్ ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. నీరు పోయే మందు, రెనిన్‌ను తారుమారు చేసే ఇతర మాత్రలు ఆపి, నాలుగు వారాలు ప్రజోసిన్, వెరపమిల్ మీద పెట్టాం. ఉప్పు తగ్గించొద్దన్నాను. బీపీ ఉన్న మనిషితో డాక్టరు ఆ మాటంటే ఇంట్లోవాళ్లు వింతగా చూశారు.

పరీక్ష రోజు ఉదయం లేచి రెండు గంటలు తిరిగాక, కాసేపు కూర్చోబెట్టి రక్తం తీయించాను. టెక్నీషియన్ కుర్రాడు శ్రద్ధగా ట్యూబును ఐస్ డబ్బాలో పెట్టాడు. చల్లగా ఉంటే చెడిపోదని వాడి నమ్మకం. చాలా పరీక్షలకు అది నిజం కూడా. రెనిన్‌కు మాత్రం అది చేటు. చల్లదనానికి రక్తంలోని నిద్రాణ రెనిన్ మేలుకుని, రెనిన్ లేనిచోట ఉన్నట్టు చూపిస్తుంది. అలా ఒక రోగి జబ్బు లేదనిపించుకుని ఇంటికి పోవచ్చు. ఆ ట్యూబు పారేయించి మళ్లీ తీయించాను. గది వేడిలోనే ప్లాస్మా వేరుచేసి, ఆ తర్వాతే ఫ్రీజ్ చేసి హైదరాబాద్ పంపాం. ఇక్కడ ఎవరైనా ఈ పరీక్ష రాస్తుంటే, ట్యూబు ఎలా పోతుందో దయచేసి ఒక్కసారి దగ్గరుండి చూడండి.

ఆల్డోస్టెరాన్ డెసిలీటరుకు 38 నానోగ్రాములు. రెనిన్ పరికరానికి అందనంత తక్కువ. మందు లేకుండానే పొటాషియం తగ్గడం, రెనిన్ కనిపించకపోవడం, ఆల్డోస్టెరాన్ 20 దాటడం, ఈ మూడూ ఉంటే సెలైన్ ఎక్కించి మళ్లీ నిర్ధారించే పరీక్ష అక్కర్లేదు. సీటీలో ఎడమ అడ్రినల్‌లో 1.8 సెంటీమీటర్ల గడ్డ, లోపల కొవ్వు ఎక్కువ. కుడిది శుభ్రంగా ఉంది. అడ్రినల్‌లోనే తయారయ్యే మరో హార్మోను కార్టిసాల్ కూడా కలిసి ఎక్కువగా వస్తోందేమోనని డెక్సామెథాసోన్ ఇచ్చి చూశాం, లేదు. 35 ఏళ్ల లోపు వాళ్లలో ఇంత స్పష్టంగా ఉంటే రెండు పక్కల సిరల నుంచి రక్తం తీసి పోల్చే పరీక్ష లేకుండానే ఆపరేషన్‌కు పోవచ్చు. వయసు 45 అయి ఉంటే సీటీని నేను నమ్మేవాణ్ని కాను. ఆ వయసులో పనిచేయని గడ్డలు కూడా సీటీలో అలాగే కనిపిస్తాయి.

కొన్ని వారాలు ఆల్డోస్టెరాన్ పనిని అడ్డుకునే స్పైరోనోలాక్టోన్ ఇచ్చి, లాపరోస్కోపీలో ఎడమ అడ్రినల్ తీశారు. గడ్డను రెండుగా కోసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. రేగిపండంత ఉంది, లోపల ఉడికిన గుడ్డు పచ్చసొన రంగు. ఆల్డోస్టెరాన్ కొలెస్టరాల్ నుంచే తయారవుతుంది, ఆ నిల్వల రంగే అది. చుట్టూ మిగిలిన గ్రంథి పలచగా, కాగితం మడతలా ఉంది.

తల్లి అడిగిన ప్రశ్న

ఆపరేషన్ కన్నా ముందే, ఒక సాయంత్రం వార్డులో వాళ్లమ్మ నన్ను ఆపింది. “నేను మేనబావను చేసుకొంటి సార్. దీన్ని నా తమ్మునికే ఇచ్చినా. రెండు తరాలు మేనరికమే. అందుకే ఇట్లయిందని ఊర్లో అంటాండారు. దాని పిల్లోళ్లకు కూడా వచ్చేదేనా?”

ఆ ప్రశ్నకు ‘అదేం లేదమ్మా’ అని భుజం తట్టి పంపేయొచ్చు. నాకు అలా చేయబుద్ధి కాలేదు. ఎందుకంటే కొన్ని అడ్రినల్ గడ్డల్లో ఆమె భయం నిజమే. ఇదే గ్రంథి మధ్యభాగంలో పుట్టే ఫియోక్రోమోసైటోమాలో దాదాపు మూడో వంతు మందికి జన్యుదోషం పుట్టుకతోనే ఉంటుంది, పిల్లలకు సగం సగం అవకాశంతో పోతుంది. ఆల్డోస్టెరాన్ జబ్బులోనూ కుటుంబాల్లో వచ్చే అరుదైన రకాలున్నాయి. కాబట్టి జవాబు గడ్డనే అడగాలి.

తీసిన గడ్డలో చిన్న ముక్క, ఆమె రక్తం, రెండూ ఒక పరిశోధనా ల్యాబ్‌కు పంపాం. రెండూ పంపడం ముఖ్యం. గడ్డ ఒక్కదానిలో మార్పు దొరికితే అది పుట్టుకతో వచ్చిందో మధ్యలో వచ్చిందో తెలియదు. పుట్టుకతో వచ్చినదైతే రక్తంలోని తెల్లకణాల్లోనూ అదే మార్పు ఉండాలి.

గడ్డలో దొరికింది. కేసీఎన్‌జే5 అనే జన్యువులో 451వ అక్షరం ‘జి’ ఉండాల్సిన చోట ‘ఏ’ ఉంది. రక్తంలో లేదు.

ఒక్క అక్షరం ఏం చేసింది

కేసీఎన్‌జే5 కణం గోడలో ఒక గేటును తయారుచేసే జన్యువు. ఆ గేటులోంచి పొటాషియం మాత్రమే పోవాలి. విచిత్రమేమంటే సోడియం అయాను పొటాషియం కన్నా చిన్నది, అయినా దానికి దారి లేదు. గేటు గొంతులో ఆక్సిజన్ పరమాణువులు సరిగ్గా పొటాషియం కొలతకు అమర్చి ఉంటాయి. చిన్నదైన సోడియానికి వాటి పట్టు అందదు, అందుకే అది తన చుట్టూ ఉన్న నీటిని వదిలి లోపలికి రాదు. ఆ గొంతులో 151వ స్థానంలో గ్లైసీన్ ఉంటుంది, అమైనో ఆమ్లాలన్నిటిలో చిన్నది. ఈ ఒక్క అక్షరం మారేసరికి అక్కడికి ఆర్జినీన్ వచ్చింది. పొడుగైనది, పాజిటివ్ చార్జి మోసేది. ఇరుకు సందులో ఎద్దుల బండి నిలబెట్టినట్టు. కొలత చెడిపోయింది, సోడియం లోపలికి రావడం మొదలైంది.

మామూలుగా పొటాషియం కొద్దికొద్దిగా బయటికి కారుతుంటే కణం లోపలి వోల్టేజీ మైనస్ 80 మిల్లీవోల్టుల దగ్గర నిలుస్తుంది. అలా ఉన్నంతసేపు కాల్షియం గేట్లు మూసుకుని ఉంటాయి. ఒంట్లో ఉప్పు, నీరు తగ్గితే రెనిన్ వల్ల తయారయ్యే యాంజియోటెన్సిన్ అనే హార్మోను వచ్చి కణం తలుపు తడుతుంది. రక్తంలో పొటాషియం పెరిగినా కణానికి కబురందుతుంది. అప్పుడు మైనస్ వోల్టేజీ తగ్గి కాల్షియం గేట్లు తెరుచుకుంటాయి. లోపలికొచ్చిన కాల్షియం కాల్మోడ్యులిన్ అనే ప్రొటీన్‌తో కలిసి కైనేజ్ ఎంజైములను పని చేయిస్తుంది, వాటి కబురు కేంద్రకానికి చేరి సీవైపీ11బీ2 అనే జన్యువు మేలుకుంటుంది. ఆల్డోస్టెరాన్ తయారీలో చివరి మెట్లు ఆ జన్యువు ఇచ్చే ఎంజైమువే. అవసరం తీరాక గేట్లు మూతపడతాయి. ఈ గడ్డలో మాత్రం సోడియం లోపలికి వస్తూనే ఉండటంతో మైనస్ వోల్టేజీ నిలవదు, కాల్షియం గేట్లు మూతపడవు.

వాళ్లమ్మకు ఇదంతా చెప్పలేదు. తుంగభద్ర డ్యామ్ గురించి చెప్పాను. 2024 ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి 19వ గేటు కొట్టుకుపోయిన సంగతి ఆదోని వైపు వాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు, అది వాళ్ల కాలువ నీళ్ల సంగతి. 33 గేట్లలో ఒక్కటి పోతే, మిగతావి ఎంత బాగున్నా ఆ ఒక్కదాంట్లోంచి నీళ్లు పోతూనే ఉన్నాయి. ఎవరూ ఎత్తమనలేదు, దించడానికి గేటే లేదు. “ఈ గడ్డ కణంలోనూ అట్లనే ఉప్పు లోపలికి పడుతూనే ఉందమ్మా. ఒంటికి వద్దన్నా ఆ హార్మోను తయారవుతూనే ఉంది” అన్నాను. ఆమె వెంటనే అడిగింది: “అంటే మిగతా గేట్లు బాగుండాయి కదా సార్?” నేను చెప్పదలుచుకున్నది అదే. మిగతా ఒళ్లంతా బాగుంది, కుడి అడ్రినల్ బాగుంది, పిల్లలకిచ్చిన అండాల్లో ఈ మార్పు లేదు. పుట్టి పెరిగాక, ఎప్పుడో ఒక్క కణం రెండుగా చీలేటప్పుడు పడిన తప్పు అది. ఆ కణం సంతానమే ఈ గడ్డ.

ఈ మార్పును జన్యు శాస్త్రవేత్త రిచర్డ్ లిఫ్టన్ బృందం 2011లో కనుక్కుంది. వాళ్లు చూసిన 22 గడ్డల్లో 8 గడ్డల్లో ఇదే జన్యువులో రెండు చోట్లలో ఏదో ఒకచోట మార్పు ఉంది. అదే వ్యాసంలో ఒక తండ్రి, ఇద్దరు కూతుళ్ల కుటుంబమూ ఉంది. వాళ్లకు ఆ జన్యువులోనే 158వ స్థానంలో పుట్టుకతో తేడా, జబ్బు చిన్నప్పుడే, తీవ్రంగా వచ్చింది. ఒకే జన్యువు, ఒకచోట వంశపారంపర్యం, ఒకచోట కాదు. రక్తం కూడా పంపాలని నేను పట్టుబట్టింది అందుకే. తర్వాతి ఏళ్లలో వేరే జన్యువులూ దొరికాయి. కాల్షియం గేటే తొందరపడి తెరుచుకునే సీఏసీఎన్‌ఏ1డీ, సోడియం పంపు చెడిపోయే ఏటీపీ1ఏ1, కాల్షియాన్ని బయటికి తోడే పంపు చెడిపోయే ఏటీపీ2బీ3. దారులు వేరైనా అన్నీ కాల్షియం దగ్గరే కలుస్తాయి. కేసీఎన్‌జే5 మార్పు ఆడవాళ్లలో, చిన్న వయసువాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది, ఈమె లాగే.

రిపోర్టు వల్ల ఆమె మందుల చీటీలో ఏమీ మారలేదు, అది ఒప్పుకోవాలి. గడ్డ అప్పటికే బయటికొచ్చేసింది. మారింది వాళ్లమ్మ నిద్ర.

ఆ తర్వాత

ఆపరేషన్ మర్నాడే స్పైరోనోలాక్టోన్, పొటాషియం ఆపేశాం. ఇన్నేళ్లూ ఎడమ గడ్డ జోరుకు కుడి అడ్రినల్‌లో ఆల్డోస్టెరాన్ తయారీ అణిగిపోయి ఉంటుంది. అది మేలుకునేదాకా పొటాషియం పైకి పోవచ్చు. ఇంట్లోవాళ్లకు అది తెలియక, అలవాటు కొద్దీ అరటిపండ్లు, కొబ్బరినీళ్లు ఇస్తూనే ఉన్నారు. మూడో వారం పొటాషియం 5.3. అరటిపండ్లు ఆపమని, కూరలో ఉప్పు తగ్గించొద్దని మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఆరో వారానికి 4.4. మూడు నెలలకు ఏ మాత్రా లేకుండా బీపీ 124/80. రాత్రి ఒక్కసారి కూడా లేవడం లేదంది. పత్తి ఏరేటప్పుడు వేళ్లు బాగున్నాయంది.

బీపీ ఉన్న ప్రతి వందమందిలో ఐదు నుంచి పదిమందికి కారణం ఆల్డోస్టెరానే, వాళ్లలో చాలామందికి పొటాషియం మామూలుగానే ఉంటుంది. 2025లో హార్మోన్ల డాక్టర్ల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ బీపీ ఉన్న అందరికీ ఈ పరీక్ష చేయమని సూచించింది. మన దగ్గర అందరికీ కుదరకపోవచ్చు. కనీసం 40 లోపు బీపీ వచ్చినవాళ్లకు, ఒక్కసారైనా పొటాషియం తగ్గినవాళ్లకు, మూడు మందులకు లొంగనివాళ్లకు రాయండి. ఏడాదిన్నర కిందటి ఆ 2.9 చీటీ చూసిన రోజే ఎవరైనా రాసి ఉంటే, ఈమె ఆ రాత్రి 108 ఎక్కేది కాదు.

చివరిసారి వచ్చినప్పుడు వాళ్లమ్మ అంది: “ఆ మాట కాగితం మీద రాసియ్యి సార్, ఊర్లో చూపిస్తా.” నా లెటర్‌హెడ్ మీద తెలుగులో రాశాను: ‘ఎడమ అడ్రినల్ గడ్డలో దొరికిన జన్యు మార్పు ఈమెకు పుట్టుకతో వచ్చింది కాదు. తల్లిదండ్రుల నుంచి రాలేదు. పిల్లలకు పోదు. మేనరికానికి, ఈ గడ్డకు సంబంధం లేదు.’ సంతకం పెట్టి, స్టాంపు వేసి ఇచ్చాను.

ఆమె మనవరాలి చేత చదివించుకుంది. తర్వాత తేలికైన ముఖంతో, “అయితే ఈ పిల్లను నా కొడుకు పిల్లోనికి ఇయ్యొచ్చు కదా సార్, పెద్దయినాక?” అంది.

కాగితం ఇటివ్వమ్మా అని వెనక్కి తీసుకున్నాను. మేనరికంలో భయం వేరే జబ్బులదని చెప్పాను. ఒకే తాత నుంచి దిగిన దాగి ఉన్న లోపం అమ్మ వైపు నుంచి, నాన్న వైపు నుంచి కూడా వచ్చి ఒకే బిడ్డలో కలవడం, పుట్టు చెవుడు, రక్తం జబ్బులు, ఇట్లాంటివి. వాళ్లింట్లో అప్పటికే రెండు తరాలయ్యాయి. స్టాంపు కింద ఉన్న ఖాళీలో ఇంకో మూడు వాక్యాలు రాశాను: ‘పైన రాసింది ఈ గడ్డ ఒక్కదాని గురించే. ఈ ఇంట్లో మళ్లీ మేనరికం తలపెడితే ముందు డాక్టరును కలవాలి. అది కూడా పాపకు 18 నిండి, తనే అడిగాక.’